కొన్న సర్కారు కూలిపోతే ఇంజన్ ఎవరిది?

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ. ఆఁ, చాలు.

నన్ను యుద్ధకాలపు రైల్వేల మీద మాట్లాడమన్నారు. అది ఒక సాయంత్రంలో తేలే విషయం కాదు. అందుకని ఒక్క బేరం గురించి చెప్తాను. కొన్నవాడు ఆర్డరిచ్చాడు, అడ్వాన్సు కట్టాడు. అమ్మేవాడు సరుకు తయారు చేశాడు. తీరా ఓడకి ఎక్కించే సమయానికి కొన్నవాడే లేకుండా పోయాడు. కొన్నవాడంటే ఒక షావుకారు కాదు, రష్యా దేశపు సర్కారు. సరుకంటే బియ్యం బస్తాలు కాదు, ఒక్కోటి సుమారు 90 టన్నుల రైలింజన్. అలాంటివి దాదాపు 200 అమెరికాలో నిలిచిపోయాయి. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ.

ఈ హాల్లో సగం మంది షెడ్డులో చేతులకి గ్రీజు పూసుకున్నవాళ్ళే. కాబట్టి ఇంజన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఇంజన్ అమ్మకం అంటే ఏమిటో ఒక మాట చెప్పాలి. బంగారం ఎవరికైనా అమ్మొచ్చు. గోధుమలు ఎవరికైనా అమ్మొచ్చు. ఇంజన్ మాత్రం కొలత తీసుకుని కుట్టిన జాకెట్టు లాంటిది. కుట్టించుకున్నావిడ రాకపోతే ఇంకొకరికి ఇవ్వలేం. టైలరు ఎంత బాగా కుట్టినా సరే, అది ఆవిడ కొలతే.

సరే, 1914కి వెళ్దాం. జర్మనీతో యుద్ధం మొదలవగానే బాల్టిక్ సముద్రం దారి మూసుకుపోయింది. టర్కీ కూడా జర్మనీ పక్షాన చేరేసరికి నల్ల సముద్రం నుంచి బయటికొచ్చే దారీ పోయింది. రష్యాకి మిగిలినవి పెద్ద రేవులు రెండే. ఒకటి ఉత్తరాన అర్ఖాంగెల్స్క్, చలికాలమంతా గడ్డకట్టే ఉంటుంది. రెండోది తూర్పు కొసన వ్లాదివొస్తోక్. అక్కణ్ణుంచి మాస్కోకి 9,000 కిలోమీటర్లకి పైగా దూరం. కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కి వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ బయల్దేరినంత దారి. మిత్రదేశాల నుంచి ఓడల మీద తుపాకులు, గుండ్లు, లోహాలు వచ్చి రేవులో పడుతున్నాయి. లక్షల టన్నులు గుట్టలుగా పేరుకున్నాయి. లాగడానికి ఇంజన్లు చాలవు. రష్యాలోనే ఇంజన్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నాయి గానీ, యుద్ధంలో వాటికి ఆయుధాల పని కూడా వచ్చిపడింది.

అందుకని 1915లో అమెరికాకి ఆర్డర్లు పెట్టారు. ఫిలడెల్ఫియాలో బాల్డ్విన్ కంపెనీ, తర్వాత అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, కెనడాలో కింగ్‌స్టన్ ఊళ్ళో ఉన్న కెనడియన్ లోకోమోటివ్ కంపెనీ. ఇంజన్ రకం పేరు డెకాపాడ్, అంటే పది కాళ్ళది. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక పది పెద్ద చక్రాలు, అంటే ఐదు ఇరుసులు. ఎందుకన్ని? రష్యా పట్టాలు సన్నవి, ఒక్కో ఇరుసు మీద ఎక్కువ బరువు మోపితే తట్టుకోవు. బరువుని ఐదు ఇరుసులకి పంచితే ఒక్కోదాని మీద 16 టన్నుల చుట్టూ పడుతుంది. లాగే బలం ఉంటుంది, పట్టా నలగదు. పెళ్ళికావిడి నలుగురు మోసినట్టు.

తయారైనవాటిని విప్పి, భాగాలుగా పెట్టెల్లో సర్ది, పసిఫిక్ దాటించి వ్లాదివొస్తోక్‌లో మళ్ళీ బిగించేవాళ్ళు. 1917 చివరిదాకా అలా 850 పైచిలుకు ఇంజన్లు వెళ్ళాయి. మరి డబ్బెవరిది? మొదట్లో చాలాభాగం బ్రిటన్ ఇచ్చిన అప్పు మీద నడిచింది. ఇది గుర్తుపెట్టుకోండి. కొనేది ఒకడు, అప్పిచ్చేది ఇంకొకడు, తయారు చేసేది మూడోవాడు. బేరం సాఫీగా నడిచినంతకాలం ఇందులో తప్పేం లేదు.

1917 మార్చిలో జార్ గద్దె దిగాడు. తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది. వారం తిరక్కుండా అమెరికా దాన్ని గుర్తించింది. ఏప్రిల్‌లో అమెరికా కూడా యుద్ధంలోకి దిగింది, రష్యాకి తన ఖజానా నుంచే అప్పులివ్వడం మొదలుపెట్టింది. చివరికి రష్యా చేతికి అందింది దాదాపు 18 కోట్ల 70 లక్షల డాలర్లు. ఆ డబ్బుతో కొనే సరుకు అమెరికాలోనే కొనాలి. అంటే అమెరికా ఖజానా నుంచి బయల్దేరిన డబ్బు అమెరికా ఫ్యాక్టరీకే చేరుతుంది, మధ్యలో రష్యా సంతకం ఉంటుంది.

ఆ సంతకం పెట్టే మనిషి బొరిస్ బఖ్మేతెఫ్. కొత్త ప్రభుత్వం వాషింగ్టన్‌కి పంపిన రాయబారి. ఈయన రాజకీయాల్లో పుట్టి పెరిగినవాడు కాదు, ఇంజనీరు. నీటి ప్రవాహాల శాస్త్రం ఆయన చదువు. తర్వాతి కాలంలో న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో ఆ పాఠాలే చెప్పాడు. నాకైతే ఈ కథలో బాగా నచ్చిన మనిషి ఈయనే. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

1917 నవంబర్ 7న బోల్షెవిక్కులు అధికారం పట్టేశారు. ఈయన్ని పంపిన ప్రభుత్వం పోయింది. మంత్రులు కొందరు జైల్లో, కొందరు పరారీలో. కానీ వాషింగ్టన్‌లో ఎంబసీ అలాగే ఉంది, బోర్డు అలాగే ఉంది, బ్యాంకులో ఖాతా అలాగే ఉంది. లెనిన్ ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించలేదు. బఖ్మేతెఫ్‌నే రష్యా రాయబారిగా గుర్తిస్తూ వచ్చింది. ఎంతకాలం అనుకుంటున్నారు? 1922 దాకా! దేశంలో ఊరు పేరు లేని ప్రభుత్వానికి ఐదేళ్ళపాటు రాయబారి. అద్దెకున్న ఇల్లు కూలిపోయినా తాళం చెవి జేబులోనే ఉన్నట్టు.

1918 ఫిబ్రవరిలో బోల్షెవిక్కులు ఇంకో బాంబు పేల్చారు. జార్ చేసిన అప్పులు, ఆ తర్వాతి ప్రభుత్వం చేసిన అప్పులు మేం కట్టం, అన్నీ రద్దు అన్నారు.

ఇప్పుడు ఫ్యాక్టరీ వాకిట్లో నిలబడి చూడండి. కొన్ని ఇంజన్లు తయారైపోయాయి, కొన్ని సగంలో ఉన్నాయి. కంపెనీ వాడు అడుగుతాడు: నా కూలి, నా ఇనుము, నా స్థలం, వీటికి డబ్బెవరిస్తారు? అమెరికా ఖజానా వాళ్ళు అంటారు: అది మా అప్పు డబ్బు, ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టడానికి లేదు. మాస్కో అంటుంది: రష్యా అంటే ఇప్పుడు మేం, అప్పులు మావి కావు. రాయబారి అంటాడు: ఒప్పందం మీద సంతకం రష్యాది, ఇక్కడ రష్యా అంటే నేను. నలుగురూ తమ తమ మాట ప్రకారం రైటే. సరుకు మాత్రం వానలో తడుస్తోంది.

అంతలో ఇంకొకటి జరిగింది. 1917 చలికాలం అమెరికాలో దారుణంగా వచ్చింది. తూర్పు తీరంలో యార్డులు జామైపోయాయి. బొగ్గు బళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ప్రైవేటు రైల్వే కంపెనీలతో కాదని డిసెంబరు చివర్లో ప్రెసిడెంట్ విల్సన్ రైల్వేలన్నీ సర్కారు చేతిలోకి తీసుకున్నాడు. వాటి మీద డైరెక్టర్ జనరల్‌గా ఎవర్ని పెట్టాడు? విలియం మెకాడూని. ఆయన అప్పటికే ఖజానా మంత్రి!

చూశారా తమాషా? రష్యాకి అప్పిచ్చిన ఖజానాకి మెకాడూ మంత్రి. ఇంజన్లు చాలక అల్లాడుతున్న రైల్వేలకి మెకాడూ పెద్ద. ఎడమ చేతిలో బాకీ పత్రం, కుడి చేతిలో ఇంజన్లు కావాలనే ఇండెంటు. ఇంక ఆ ఇంజన్లు రష్యాకి ఎందుకు వెళ్తాయి చెప్పండి? ఓడెక్కకుండా మిగిలిన 200 దాకా ఇంజన్లు అమెరికా రైల్వే పాలనా సంస్థ కిందికి వచ్చి, అక్కడి రైల్వేలకి పంపకమయ్యాయి. బఖ్మేతెఫ్ మిగతా ఆర్డర్ల లెక్కలు కూడా ఖజానా కనుసన్నల్లో ఒక్కొక్కటే తేల్చుకుంటూ వచ్చాడు. కొందరు దీన్ని దబాయింపు అంటారు. నేను అలా అనుకోను. రేవులో పెట్టెల్లో తుప్పు పట్టడం కంటే ఇది నయం. బఖ్మేతెఫ్ కూడా ఇంజనీరు కాబట్టి ఆ సంగతి తెలిసే ఉంటుంది.

కానీ పంపకమైతే అయింది గానీ, పట్టాల మీద పెడితే కదా? గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. రష్యా గేజ్ ఐదడుగులు. అమెరికా గేజ్ నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. తేడా మూడున్నర అంగుళాలు. నా అరచెయ్యి వెడల్పు. మనవాళ్ళకి గేజ్ బాధ కొత్త కాదు. గుంతకల్లులో మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ రెండూ ఉన్న రోజులు ఇక్కడ కొందరికి గుర్తుండే ఉంటాయి. ఒక బండిలోంచి బస్తాలు దించి ఇంకో బండికి ఎక్కించాలి. బస్తాలంటే హమాలీలు మోస్తారు. ఇంజన్‌ని ఎవరు మోస్తారు?

ఇక్కడ ఒక పిట్టకథ. రష్యాకి ఐదడుగుల గేజ్ పెట్టమని సలహా ఇచ్చింది ఎవరో తెలుసా? ఒక అమెరికన్ ఇంజనీరు, జార్జ్ వాషింగ్టన్ విస్లర్. 1842లో జార్ పిలిస్తే వెళ్ళి సెయింట్ పీటర్స్‌బర్గ్ - మాస్కో లైను పనిలో చేరాడు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ చాలా లైన్లు ఐదడుగులవే. అంతర్యుద్ధం అయిపోయాక ఇరవై ఏళ్ళకి, 1886లో, మే నెలాఖరున రెండు రోజుల్లో ఆ దక్షిణాది లైన్లన్నిటినీ ఒక పక్క పట్టా పీకి లోపలికి జరిపేశారు. వేల మైళ్ళు, రెండే రోజులు! ఆ పని చెయ్యకుండా ఉంటే ముప్పై రెండేళ్ళ తర్వాత రష్యా ఇంజన్లు జార్జియాలోనో అలబామాలోనో ఉన్నవి ఉన్నట్టే పరిగెత్తేవి. మేనల్లుడికని కుట్టిన చొక్కా మేనమామకి సరిపోయినట్టు. అదృష్టం లేదు.

సరే, మూడున్నర అంగుళాలు ఎలా తగ్గించారు? ఇరుసులు కోసి కొత్తవి వేస్తే ఖర్చు, టైము. వాళ్ళు ముట్టుకున్నది టైరుని. బయటివాళ్ళకి టైరు అంటే రబ్బరు గుర్తొస్తుంది. ఇంజన్ చక్రానికి ఉండేది ఉక్కు టైరు. పోత పోసిన చక్రం నడిబొడ్డు వేరు, దాని చుట్టూ బిగించే ఉక్కు వలయం వేరు. పట్టాని తాకేది, అరిగేది, లోపలి అంచుతో బండిని పట్టా మీద నిలబెట్టేది ఆ వలయమే.

మా ఊళ్ళో కమ్మరి బండి చక్రానికి ఇనప కట్టు వేసేవాడు. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి మరీ చూసేవాణ్ణి. కట్టు చక్రం కంటే ఒక వెంట్రుకవాసి చిన్నగా చేస్తాడు. నేల మీద పడుకోబెట్టి చుట్టూ పిడకలు పేర్చి మంట పెడతాడు. ఎర్రబడ్డాక ఇద్దరు పట్టకారులతో ఎత్తి చెక్క చక్రం మీద దింపుతారు. చెక్క చుర్రుమని పొగలొస్తాయి. వెంటనే కడవతో నీళ్ళు. కట్టు చల్లారుతూ బిగుసుకుని, చక్రం ఆకులన్నీ టకటకమని కుదురులోకి కూర్చుంటాయి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మన వర్క్‌షాపుల్లో టైరింగ్ కూడా అంతే కదా, మేకుల్లేవు, జిగురు లేదు. వేడికి సాగుతుంది, చల్లారితే పట్టేస్తుంది.

అమెరికన్లు చేసింది సరిగ్గా అదే. పాత టైర్ల చోట బాగా వెడల్పైన టైర్లు వేశారు. చక్రాలు ఐదడుగుల దూరంలోనే ఉన్నాయి, ఇరుసు మారలేదు. టైరు మాత్రం ఒక్కో పక్క ఒకటీ ముప్పావు అంగుళం లోపలికి చొచ్చుకొచ్చింది. రెండు పక్కలా కలిపితే మూడున్నర. లెక్క సరిపోయింది. ఇంజన్ అమెరికన్ పట్టా మీద నిలబడింది. నాలుగు పక్షాల వకీళ్ళు ఒప్పంద పత్రాల్లో వెతుకుతున్నది ఫిట్టర్ల కొలిమిలో దొరికింది.

ఇంకో సంగతి. సన్నపట్టాల కోసం చేసిన ఇంజన్ కదా, అమెరికాలో చిన్న చిన్న లైన్లకి అది వరమైంది. ఫ్రిస్కో లైను వాళ్ళు, ఇంకా కొందరు, వీటిని కొనుక్కుని దశాబ్దాలు వాడారు.

మరి కోర్టు సంగతి? అది టైరంత తొందరగా చల్లారలేదు. "ప్రభుత్వం పోతే కొన్నవాడు పోయినట్టా?" అనే ప్రశ్న వేరే కేసులో తేలింది. 1916 జులై 30 అర్ధరాత్రి దాటాక న్యూయార్క్ రేవుకి ఎదురుగా, జెర్సీ సిటీ పక్కన బ్లాక్ టామ్ అనే చోట మందుగుండు పేలింది. జర్మన్ ఏజెంట్ల పని. అవతల మన్‌హాటన్‌లో కిటికీ అద్దాలు పగిలాయి. లిబర్టీ విగ్రహం చేతిలో దివిటీ దాకా అప్పట్లో జనం ఎక్కేవాళ్ళు, ఆ పేలుడు తర్వాత ఇప్పటివరకూ ఎక్కనివ్వలేదు. అక్కడ కాలిపోయిన సరుకులో రష్యా సర్కారు కొన్నది ఉంది. మోసుకొచ్చింది లీహై వ్యాలీ రైల్‌రోడ్. నష్టపరిహారం కట్టమని రష్యా దావా వేసింది. రైల్వే వాళ్ళ వాదన ఏమిటంటే, దావా వేసిన ప్రభుత్వమే లేదు, ఇంక ఎవరికి కట్టాలి అని. 1927లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వాలు వస్తాయి పోతాయి, రాజ్యం అనే కక్షిదారు అలాగే ఉంటాడు, అమెరికా గుర్తించిన ప్రతినిధి దావా నడపొచ్చు అంది. సరుకు పోయి పదకొండేళ్ళు!

ఇది మనకెందుకు అనుకునేవాళ్ళకి హైదరాబాద్ సంగతి గుర్తు చేస్తాను. 1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వం పేర ఉన్న పది లక్షల పౌండ్ల పైచిలుకు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మారింది. అదే రోజుల్లో ఇక్కడ ఆ ప్రభుత్వమే లేకుండా పోయింది. నిజాం నా డబ్బు నాకిమ్మన్నాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టింది. 2019 అక్టోబరులో గానీ లండన్ కోర్టు తేల్చలేదు. అప్పటికది మూడున్నర కోట్ల పౌండ్లయింది, పాకిస్తాన్‌ది కాదన్నారు. డెబ్బై ఒక్క ఏళ్ళు పట్టింది. దానితో పోలిస్తే పదకొండేళ్ళు తొందరే.

అమెరికా చివరికి 1933 నవంబర్‌లో సోవియట్ ప్రభుత్వాన్ని గుర్తించింది. ఇక గొడవ తీరిందనుకుంటాం కదా. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్లు మళ్ళీ అవే పది కాళ్ళ ఇంజన్లు కావాలన్నారు. అప్పులు ఎగ్గొట్టారు గానీ ఇంజన్ మీద మోజు పోలేదు! ఈసారి అమెరికా మిత్రదేశాలకి యుద్ధ సరుకు ఇచ్చే అరువు-బాడుగ (లెండ్-లీజ్) పథకం కింద 2,000కి పైగా వెళ్ళాయి. చివర్లో మళ్ళీ అదే కథ. యుద్ధం అయింది, స్నేహం చెడింది, 20 ఇంజన్లు మిగిలాయి. వాటిని ఫిన్లాండ్ కొనుక్కుంది. ఫిన్లాండ్ గేజ్ ఐదడుగులే, టైరు మార్చే పనే లేదు. అక్కడి రైల్వే వాళ్ళు వాటికి పెట్టుకున్న ముద్దుపేరు "ట్రూమన్", అప్పటి అమెరికా ప్రెసిడెంట్ పేరు.

ఇంకో 20 ఉన్నాయి. అవి ఆవిరివి కాదు, కరెంటువి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1946 నుంచి సోవియట్ల కోసం చేసింది. మధ్యలో ఎగుమతి నిషేధం వచ్చిపడింది. 14 ఐదడుగుల గేజ్‌కి చేసేశారు, మిగతా ఆరు అమెరికా గేజ్‌కి మార్చి పూర్తిచేశారు. వీటికి జనం పెట్టిన పేరు "లిటిల్ జో", స్టాలిన్ పేరు మీద. మిల్వాకీ రోడ్ అనే రైల్వే వచ్చి, స్పేర్ పార్ట్స్‌తో సహా ఇరవైకీ కలిపి పది లక్షల డాలర్లిస్తాం అంది. తుక్కు రేటు కంటే కాస్త ఎక్కువ. కంపెనీ కుదరదంది. ఈలోగా మూడు షికాగో దగ్గర సౌత్ షోర్ లైనుకి పోయాయి, ఐదు బ్రెజిల్‌కి బేరమయ్యాయి. 1950లో కొరియా యుద్ధం. మిల్వాకీ వాళ్ళకి ఇంజన్లు అర్జెంటుగా కావాల్సొచ్చింది. మళ్ళీ వెళ్ళి అడిగారు. మిగిలినవి పన్నెండు. ధర? అదే పది లక్షలు. కట్టి తెచ్చుకున్నారు. మోంటానా కొండల్లో 1974 దాకా నడిపారు.

ఎవరో చెయ్యెత్తారు... ఆఁ, చెప్పండి పెద్దాయనా. మొదటి బ్యాచ్ ఇంజన్లు ఇప్పుడేమైనా ఉన్నాయా అని అడుగుతున్నారు. ఉన్నాయండీ. బాల్డ్విన్ 1918లో చేసిన ఒకటి, నంబరు 1630. ఫ్రిస్కో లైనులో గూడ్స్ లాగింది, ఆ తర్వాత ఒక గనుల కంపెనీకి వెళ్ళింది, 1967లో ఇల్లినాయ్ రైల్వే మ్యూజియంకి చేరింది. దాన్ని బాగుచేసి మళ్ళీ ఆవిరి ఎక్కించి జనాన్ని కూర్చోబెట్టి తిప్పారు. మీ మనవళ్ళెవరైనా షికాగో వైపు ఉంటే చెప్పండి, మ్యూజియం యూనియన్ అనే ఊళ్ళో ఉంది. ఇంజన్ ఎదుట నిలబడి ఫోటో తీసుకుని వచ్చెయ్యొద్దనండి. పక్కకి వంగి చక్రం లోపలివైపు చూడమనండి.